మడమలో పదిహేడేళ్ళు

జనవరి 11

మంచం దిగాను. కుడి మడమ వెనక ఎవరో పట్టుకుని లాగినట్టయింది. గోడ ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి వదిలింది. బాత్రూమ్ దాకా బాతులా నడిచాను.

అక్కకి చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసిపోయింది. ఏమైందే పిల్లా, కుంటుతున్నావు అంది తన గదిలోంచే. చెప్పు కరిచింది అన్నాను. ఉత్త కాళ్ళతో నడుస్తుంటే చెప్పెలా కరిచిందే అంది.

చూపు లేని మనిషి దగ్గర అబద్ధమాడటం మహా కష్టం.

జనవరి 12, ఉదయం

కాలువ గట్టు మీద మంచు. నీళ్ళూ గట్టూ ఆకాశమూ ఒకే బట్టలో కోసినట్టున్నాయి. అక్క నా మోచెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఏడేళ్ళుగా ఇంతే. గ్లాకోమా చూపుని పక్కల నుంచి తినుకుంటూ వచ్చి, చివరికి మధ్యలో నాణెమంత మిగిలిన వెలుగు కూడా మింగేసింది. బావ పోయిందీ ఆ ఏడాదే. అప్పుడొచ్చింది నా ఇంటికి. ఒక సూట్‌కేసు, ఒక రేడియో, బోలెడంత నోరు.

నాకు పెళ్ళి కాలేదు. కాలేదు అనకు, చేసుకోలేదు అను అంటుంది అక్క. ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. బతుకంతా మనుషులతో నేను ఎక్కువగా మాట్లాడిన మాటలివే. అరవై మూడు వచ్చాయి. అక్కకి అరవై ఏడు.

అక్కకి చూపు పోయింది గానీ బొమ్మలు పోలేదు. చూపు పోయినవాళ్ళలో కొందరికి మెదడు ఊరుకోక సొంతంగా బొమ్మలు వేసుకుంటుందని కంటి డాక్టరు చెప్పాడు. పిచ్చి కాదు, భయపడకండి అన్నాడు. సినిమా ఫ్రీగా వేస్తుంటే భయమెందుకయ్యా అంది అక్క. ఈ పొద్దున గట్టంతా నీలం గొర్రెలట. దారివ్వడం లేదట. నిజంగానే పక్కకి తప్పుకుని నడిచింది. నేనూ తప్పుకున్నాను. ఎందుకో తెలియదు.

సగం దూరంలోనే మడమ మొరాయించింది. వెనక్కి వచ్చేశాం.

జనవరి 20

నా పాత డిపార్ట్‌మెంట్. అదే బల్ల. దాని మీద నేను పడుకోవడం ఇదే మొదటిసారి. ఎంత చల్లగా ఉందో! ఇన్నేళ్ళూ ఇంత చల్లటి బల్ల మీదా మనుషుల్ని పడుకోబెట్టాను?

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎలా ఉంటుంది? మడమ ఎముక శుభ్రంగా గవ్వలా ఉంది. పిక్క కండని మడమకి కట్టి ఉంచే టెండాన్ ఎక్స్‌రేలో లీలగా నీడలా తప్ప కనబడదు. మనుషుల లోపలంతా చూసేశాననుకున్నాను. కండనీ ఎముకనీ కలిపి పట్టుకునేది ఒకటుందని ఎప్పుడూ ఆలోచించనే లేదు.

తర్వాత అల్ట్రాసౌండ్ తీశారు. అందులో కనబడింది. ఒకచోట ఉబ్బి, పోగులు చెదిరి, బూడిద రంగులో. ఎముకల డాక్టరు నాకు పాత పరిచయమే. వయసండీ, మడమకి విశ్రాంతి ఇవ్వండి, నడక తగ్గించండి అన్నారు. మా అక్క నడకో అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఫిబ్రవరి 3

విశ్రాంతి తీసుకుని తీసుకుని అలసిపోయాను.

ఫిబ్రవరి 5

నేను కూర్చుంటే అక్కా కూర్చోవాలి. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి గోడ తడుముకుంటూ నడుస్తోంది. బోనులో ఏదో తిరుగుతున్న చప్పుడు. మధ్యలో ఆగి, ఇవాళ వరండాలో మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయే, మంచి నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కూడా కనబడుతున్నాయి అంది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మడమ ఏమీ తగ్గలేదు. పొద్దున లేస్తే అదే లాగుడు.

ఫిబ్రవరి 9

మా పై అంతస్తులో ఉండే నర్సు చెప్పిన ఫిజియో దగ్గరికెళ్ళాం. టైర్ల షాపు కింద సెల్లార్. మెట్ల మీదే రబ్బరు వాసన. లోపల ఇనుప కడ్డీలు, చక్రాలు, గోడకి పెద్ద అద్దం. ఆసుపత్రి అనుకుని వస్తే వ్యాయామశాల. ఫిజియో ముప్పై ఏళ్ళ పిల్ల, జుట్టు రబ్బరు బ్యాండుతో నెత్తి మీదకి లాగి కట్టుకుంది. మాట్లాడకుండా ముందు వంగి నా పిక్కలు నొక్కి చూసింది. తర్వాత అక్కవీ నొక్కింది, ఎవరూ అడక్కుండానే. అక్క అక్కడికక్కడే పేరు పెట్టేసింది. పిక్కలమ్మ.

విశ్రాంతి గురించి చెప్పాను. పిక్కలమ్మ తల అడ్డంగా ఊపింది. రెస్టిస్తే నొప్పి పడుకుంటుంది ఆంటీ, దాంతో పాటు టెండానూ పడుకుంటుంది, మీరు లేచి నాలుగడుగులు వేస్తే మళ్ళీ ముందు లేచేది నొప్పే అంది. టెండాన్‌కి కావాల్సింది బరువట. నిదానంగా, గట్టిగా, వారానికి కొన్ని సార్లు. అరవై దాటాక కూడా బరువు మోయిస్తే అది గట్టిపడుతుందట. మోయించకపోతే వదులైపోతుందట.

నాకు నమ్మకం కలగలేదు. చెదిరిన పోగుల మీద ఇంకా బరువా? పోగులు పుట్టుక్కుమంటే? అది మీకు భయం, నాకు లెక్క, మెల్లగానే పెంచుతా అంది. కూర్చునే మెషీన్‌లో మోకాళ్ళ మీద బరువు పెట్టి మడమలు ఎత్తమంది, దించమంది. ఎత్తడానికెంత సేపో దించడానికీ అంత సేపు. తేనె కారినట్టు.

నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. ఊపిరి బిగబట్టకండి ఆంటీ, కదలండి అంది.

ఎవరో నా మాటలు తిరగేసి నాకే అప్పజెప్పినట్టుంది.

అక్క బెంచీ మీద కూర్చుని విసుక్కుంది. బరువు మొయ్యడానికి కళ్ళెందుకే, నాకూ ఇమ్మను అంది. ఇచ్చింది. అక్క మోసింది. ఇంకాస్త వెయ్యి అంది.

ఫిబ్రవరి 10, ఉదయం

పిక్కలమ్మ నిన్న చెప్పింది: ఈరోజు నొప్పి నాకక్కర్లేదు, రేపు పొద్దున మంచం దిగేటప్పటి నొప్పి చెప్పండి అని.

దిగాను. నిన్నటంతే ఉంది. ఎక్కువ లేదు. ఫోన్ చేసి చెప్పాను. సంతోషం, రేపు కాక ఎల్లుండి రండి అంది.

మార్చి 2

ఈరోజు ఒక మాట విన్నాను. ఇంకా దానిలోంచి బయటికి రాలేకపోతున్నాను.

బరువు దించి కూర్చున్నాం. ఇంత ముసలి టెండాన్ కొత్తగా ఎలా పెరుగుతుందమ్మా అని అడిగాను. పిక్కలమ్మ నీళ్ళ సీసా మూత బిగిస్తూ, ముసలిది కాదు ఆంటీ అంది. మడమ టెండాన్ లోపలి భాగం ఎదిగే వయసులోనే తయారైపోతుందట. పదిహేడేళ్ళు వచ్చేసరికి దాదాపు అయిపోతుందట. ఆ తర్వాత ఆ లోపలి పోగులు మారవని కొందరు శాస్త్రవేత్తలు కనిపెట్టారట. చర్మం మారుతుంది, రక్తం మారుతుంది, ఎముక కూడా మెల్లగా మారుతుంది. అదొక్కటి అలాగే ఉండిపోతుంది. అరవైలోనూ మనం నిలబడేది పదిహేడేళ్ళ నాటి దాని మీదే.

మరి ఈ బరువులన్నీ దేనికి అన్నాను. చెదిరిన చోటు మళ్ళీ మునుపటిలా అల్లుకోకపోవచ్చు ఆంటీ, కానీ దాని చుట్టూ బాగున్న భాగం ఎక్కువ మొయ్యడం నేర్చుకుంటుంది, ఉమ్మడి కుటుంబంలో ఒకరు మంచాన పడితే మిగతావాళ్ళు లాక్కురారూ అలా అంది.

అక్క అప్పటిదాకా తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది. ఆగిపోయింది. పదిహేడా అంది. ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. అక్క అంత దూరం మాట్లాడకుండా నడవడం నేనెరుగను.

పదిహేడేళ్ళప్పుడు అక్క పరుగెత్తేది. స్కూల్లో అందరికంటే వేగం. చెప్పులు విప్పి నా చేతికిచ్చి గీత దగ్గర నిలబడేది. నేను ఆయాసం పిల్లని, పరుగు నాకు నిషేధం. చెప్పులు రెండూ గుండెకి ఆనించుకుని గీత పక్కన నిలబడేదాన్ని. ఈల మోగగానే అక్క ఉన్నచోట అక్క ఉండేది కాదు, దుమ్ముండేది.

తర్వాత పెళ్ళి. తర్వాత బస్సు కోసం కూడా పరుగెత్తలేదు. బావకి ఆడవాళ్ళు రోడ్డు మీద పరుగెత్తడం నచ్చేది కాదు.

మార్చి 3, తెల్లవారకముందే

కల. పాత డార్క్‌రూమ్. ఎర్ర దీపం. ట్రేలో ఫిల్మ్ ముంచాను. మెల్లగా బొమ్మ తేలింది. మడమ. అందులో ఒక అమ్మాయి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చిన్నగా, తెల్లగా. కదలకండి అన్నాను. నవ్వి లేచింది.

మెలకువ వచ్చాక కూడా ఆ ఎర్ర వెలుతురు కాసేపు గదిలో ఉంది.

మార్చి 29

మూటలా ఉండేదాన్ని, మనిషినవుతున్నాను. మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కాను. నూనె డబ్బా ఒంటిచేత్తో అలమార పైన పెట్టాను. తొడలు గట్టిపడ్డాయి. అద్దంలో వెనక్కి తిరిగి పిక్కలు చూసుకున్నాను. ఈ వయసులో ఇదేం పాడు బుద్ధి!

అక్క నాకంటే ఎక్కువ బరువు ఎత్తుతోంది. గోప్యంగా ఉంచమంది, పై అంతస్తు నర్సుకి తనే చెప్పేసింది.

కాలువ గట్టు నడక మళ్ళీ మొదలు. సగం దాకానే. పొద్దుటి లాగుడు పల్చబడింది.

ఏప్రిల్ 6

అక్షరాలు చూడు ఎలా ఉన్నాయో.

మందుల షాపు నుంచి వస్తున్నాను. మధ్యాహ్నం, ఎండ తెల్లగా కాగితంలా పరుచుకుని ఉంది. మా వీధి మలుపు తిరిగేసరికి ఎదుటి పేవ్‌మెంట్ అంచున అక్క. ఒంటరిగా. గొడుగు మూసి కర్రలా ముందుకి పట్టుకుంది. ఒక పాదం అంచు దాటి గాల్లో ఉంది. అటు నుంచి బస్సు తిరుగుతోంది.

సంచి ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తాను. చప్పుడంతా ఆగిపోయింది. రోడ్డు చాలా పొడుగ్గా ఉంది, నా కింద మెత్తగా ఉంది. వెళ్ళి అక్కని రెండు చేతులా వెనక్కి లాగాను. అప్పుడు చప్పుళ్ళన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. బస్సు ఆగే ఉంది. డ్రైవరు తల బయటికి పెట్టి, చూసే ఆపాను తల్లీ, మీరే నా ముందుకొచ్చి పడబోయారు అన్నాడు.

అక్క కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. మొహం నా వైపు తిప్పి, నువ్వు పరుగెత్తావే పిల్లా అంది. నీ పరుగు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి విన్నానే అంది.

అప్పుడు తెలిసింది మడమ. నిప్పు పెట్టినట్టు.

ఏప్రిల్ 7

కాలు కింద పెట్టలేకపోతున్నాను. అక్క మీద అరిచాను. ఎందుకెళ్ళావు, ఎవరినడిగి వెళ్ళావు, గొడుగేమన్నా కళ్ళా అని. అక్క వింది. బస్సు వస్తోందని నాకు తెలుసు, పోయేదాకా ఆగాను, పాదం ముందుకి పెట్టింది అంచు ఎక్కడుందో చూసుకోవడానికి అంది. నీకేమైనా అయితే నేనేం కాను అన్నాను.

అక్క అంది: ఏడేళ్ళుగా నాకేమీ కాలేదే. ఏమీ కాలేదు. అదే నా బాధ.

ఏప్రిల్ 8

ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడుతోంది.

ఏప్రిల్ 19

పిక్కలమ్మ పిక్క నొక్కి, తెగలేదు, అదృష్టం, కోపమొచ్చింది దానికి అంతే అంది. రెండు నెలలుగా ఇంత బలం వచ్చిందే, మరి ఎందుకిలా అయ్యింది అన్నాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

బలం వచ్చింది కండకి ఆంటీ అంది. కండ చిన్నపిల్ల లాంటిది, నాలుగు రోజులు ముద్దు చేస్తే ఎదిగి మీదెక్కుతుంది. టెండాన్ అత్తగారు. మీరు చేసిన సేవంతా చూస్తూనే ఉంటుంది, ఏమీ అనదు, నెలలు గడిచాక గానీ మెచ్చుకోదు. మీకు బలం వచ్చిందనిపించే రోజుకీ దానికి నిజంగా వచ్చే రోజుకీ మధ్య ఉందే, అదే ప్రమాదం. మీరు ఆ మధ్యలో పరుగెత్తారు.

అక్కకి అత్తగారి మాట నచ్చింది. మా అత్తగారు మెచ్చుకోకుండానే పోయింది, దీన్నయినా చూద్దాం అంది.

మళ్ళీ మొదటి నుంచి. మునివేళ్ళ మీద లేచి కదలకుండా నిలబడటం. నొప్పి మెల్లగా మొద్దుబారుతుంది. కిటికీలోంచి టైర్ల షాపు ముందు జనం కాళ్ళు మాత్రమే కనబడతాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. ఎన్ని మడమలు! ఎవరూ పట్టించుకోరు వాటిని.

వస్తూ దారిలో అక్క చెప్పింది. కర్రతో నడక నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడట. పిక్కలమ్మ నంబరిచ్చిందట. రమ్మన్నాను అంది. అడగలేదు, చెప్పింది.

మే 4

కర్ర మాస్టారు వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఆయనకీ చూపు లేదు. రెండు బస్సులు మారి ఒక్కడే వచ్చాడు. గుమ్మంలోనే, మీ వరండాలో ఒక పలక కదులుతోందండీ, సిమెంటు పెట్టించండి అన్నాడు. ఇన్నేళ్ళుగా ఉన్నాను, నాకు తెలియదు.

అక్క చేతికి తెల్ల కర్ర ఇచ్చాడు. వీధిలోకి తీసుకెళ్ళాడు. నేను కుంటుకుంటూ పక్కనే నడిచాను. మాస్టారు ఆగి, మీరు కొంచెం దూరంగా ఉండాలమ్మా, మీ ఊపిరి చప్పుడులో ఆవిడకి రోడ్డు వినబడటం లేదు అన్నాడు, చాలా మర్యాదగా.

వెనక్కి వచ్చేశాను. ఇంట్లో కూర్చుని నా ఊపిరి నేనే విన్నాను. నిజమే. గట్టిగానే ఉంది.

మే 30

పొద్దున్న అక్క కర్రతో ఒక్కతే వీధి చివరి దాకా వెళ్తానంది. వెళ్ళు అన్నాను. వెళ్ళాక, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పిల్లిలా వెనకే బయల్దేరాను. ఆకులు రాలిన దారి, వాన వెలిసి తడిగా ఉంది. అక్క కర్ర అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది. తల కాస్త పైకెత్తి, ఎవరో పాడుతుంటే వింటున్నట్టు నడుస్తోంది. నా మోచెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు ఇలా ఎప్పుడూ లేదు. అప్పుడు తల కిందికుండేది.

పాలబూత్ దగ్గర ఆగింది. వెనక్కి తిరక్కుండానే గాలితో అన్నట్టు అంది: వెనకొచ్చేవాళ్ళు ముందుకైనా రండి, ఇంటికైనా పోండి.

ఇంటికే పోయాను.

జూన్ 21

అక్క బేకరీకి వెళ్ళి బ్రెడ్డు తెచ్చింది. వేడిగా ఉంది ఇంకా. బల్ల మీద పెట్టి, ఏమీ కానట్టు కుర్చీలో కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఊరికే ఉండలేకపోతున్నాయి.

బాగుంది అన్నాను. బ్రెడ్డు అనుకుంది. అదీ బాగానే ఉంది.

జూన్ 22

నిజం రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఎక్కడ రాస్తాను.

నాకు సంతోషంగా లేదు. అక్క బయటికెళ్ళింది. ఇల్లంతా నాదే. ఎంత సేపయినా కిటికీ దగ్గర నిలబడొచ్చు. ఏం చూడాలి? ఏడేళ్ళుగా చూసినవన్నీ అక్కకి చెప్పడానికే చూశాను. ఎదురింటి గోడకి పసుపు రంగు వేశారని, కాలువలో కొంగ దిగిందని, ఆకాశం ఇవాళ ఉతికిన దుప్పటిలా ఉందని. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేకపోతే నా కళ్ళు దేనికి?

నేను లేకుండా అక్క నడవలేదని అందరికీ చెప్పేదాన్ని. కాస్త విసుగు కలిపి చెప్పేదాన్ని, బరువు మోస్తున్నదాన్నని తెలియాలని. మోస్తున్నది ఎవరు ఎవరినో!

సాయంత్రం అక్క వచ్చింది. కొంగ దిగింది కాలువలో అంది. బొమ్మా, నిజమా అన్నాను. చప్పుడు విన్నానే, రెక్క ముడిచిన చప్పుడు, నిజం కొంగే అంది. ఇక నాకు వార్తలు తనే తెస్తుంది.

జూలై 18

నిన్న ఎత్తిన బరువు చెబితే ఆసుపత్రిలో ఎవరూ నమ్మరు. ఈ పొద్దున మంచం దిగాను, వంటింట్లోకి వెళ్ళాను, కాఫీ పెట్టాను, సగం తాగాను. అప్పుడు గుర్తొచ్చింది, మడమ లాగలేదని. ఎప్పుడు మానేసిందో తెలియదు. నొప్పి చెప్పకుండా వెళ్ళిపోయిన అద్దెవాళ్ళలా వెళ్ళిపోయింది.

జూలై 25

మళ్ళీ అల్ట్రాసౌండ్ తీయించుకున్నాను. డాక్టరు తెర మీద చూసి పెదవి విరిచారు. పెద్ద తేడా లేదండీ, అక్కడ అలాగే ఉబ్బి ఉంది, పోగులు అలాగే ఉన్నాయి అన్నారు. బల్ల దిగి ఆయన ముందే ఒంటికాలి మునివేళ్ళ మీద లేచాను. మెల్లగా. దిగాను. ఇంకా మెల్లగా. ఆయన తెర వైపు చూశారు, నా కాలి వైపు చూశారు.

బొమ్మ చూసి మనిషిని చెప్పేయొచ్చనుకుని బతికాను నేను. బొమ్మ మారలేదు. నేను మారాను.

బయట సన్నగా వాన. గొడుగు తెరవకుండా నడిచాను.

ఆగస్టు 10

అక్క అడిగేసింది. పిక్కలమ్మా, నేను పరుగెత్తొచ్చా అని. పిక్కలమ్మ నవ్వలేదు. అందుకే నాకా పిల్లంటే ఇష్టం. నేరుగా వద్దు, ముందు గెంతాలి, గెంతితే మరునాడు మడమలు ఏమంటాయో వినాలి, తర్వాత చూద్దాం అంది.

ఇద్దరం కడ్డీ పట్టుకుని గెంతాం. చప్పుడుకి పైనుంచి టైర్ల షాపాయన పరుగున దిగాడు, ఏమన్నా పడిందా అంటూ. మేమే అంది అక్క. ఆయన ఇద్దరినీ చూసి, నిలబడే ఉన్నారుగా అని తల గోక్కుంటూ ఎక్కి వెళ్ళిపోయాడు.

పరుగెత్తడానికి నేను పక్కన ఉండాలి కదా, నాకు పరుగు రాదే అన్నాను. పక్కన అక్కర్లేదు అంది అక్క. కర్ర మాస్టారు చెప్పాడట. నేరు దారయితే ఎదురుగా ఒకరు నిలబడి పిలుస్తూ ఉంటే చాలట. ఆ గొంతు మీదకి పరుగెత్తడమే. మరి నువ్వు నా కుడికి వచ్చేస్తే అన్నాను. నీ కుడి కాదే, నాది. నేను కుడికి పోతే ఎడమ అను, అంతే అంది.

ఆగస్టు 29

సెల్లార్ నుంచి వస్తూ అక్క అంది. బావ ఉన్నప్పుడు కలలో పరుగెత్తేదట. లేచేసరికి పిక్కలు పట్టేసేవట. ఆయనకి చెప్పేది కాదట. నాకూ ఇప్పుడే చెప్పింది.

సెప్టెంబరు 7

ఆదివారం. హైస్కూలు మైదానం ఖాళీ. తెల్లవారి మంచు ఇంకా గడ్డి మీద ఉంది, అవతలి చివర గోల్‌పోస్టు గాల్లో తేలుతున్నట్టుంది. పిక్కలమ్మ వచ్చింది. కర్ర మాస్టారు కూడా రెండు బస్సులు మారి వచ్చాడు. మీరెందుకు ఇంత పొద్దున్నే అంటే, చూద్దామని అన్నాడు. తన మాటకి తనే పకపకా నవ్వాడు.

పిక్కలమ్మ అక్కని చాలాసేపు నడిపించింది, గెంతించింది, మడమలు తడిమి చూసింది. పూర్తి వేగం వద్దు పెద్దాంటీ, సగమే అంది. సగమంటే ఎంతో నాకు గుర్తులేదమ్మా అంది అక్క.

నేను అవతలి చివరికి నడిచాను. తిరిగి చూస్తే అక్క చిన్నగా ఉంది. అక్కని అంత దూరం నుంచి చూసి ఎన్నాళ్ళయిందో! ఎప్పుడూ మోచేతికి అంటుకునే ఉండేది. చీర మానేసి ప్యాంటు వేసుకుంది, నర్సు దగ్గర అడిగి తెచ్చుకున్నది, కొంచెం పొట్టి. తెల్ల జుట్టు. కర్ర పిక్కలమ్మ చేతికిచ్చింది. చేతులు ఖాళీ చేసుకుని నిలబడింది.

అక్కా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఇటు, ఇటు, ఇటు.

వచ్చింది.

మొదట తడబడింది, నీళ్ళలో నడుస్తున్నట్టు మోకాళ్ళు ఎత్తెత్తి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టయింది కాళ్ళకి. అక్కకి కాదు, కాళ్ళకే. వీపు నిటారయింది. మంచు అక్క చీలమండల దగ్గర చెదిరి రెండుగా విడిపోతోంది. ఎడమ అన్నాను. సర్దుకుంది. చాలు అన్నాను, చాలదేమో అని కూడా అనిపించింది. అక్క మొహం నా మీదకి పెద్దదవుతూ వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది.

ఆగు అని అరిచాను. ఆగలేకపోయింది. నన్ను గుద్దుకుంది. ఇద్దరం గడ్డి మీద పడ్డాం. పిక్కలమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. అక్క వెల్లకిలా పడుకుని, ఆకాశం నిండా ఏవేవో ఉన్నాయే అంది. నేనూ చూశాను. ఏమీ లేవు. తెల్లగా ఉంది. అక్క చెప్పిందని ఇంకాసేపు చూశాను.

కర్ర మాస్టారు దూరం నుంచి చప్పట్లు కొడుతున్నాడు. ఎంత బాగా వినబడిందో అంటున్నాడు.

సెప్టెంబరు 8, ఉదయం

అక్క మంచం దిగింది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాను. నడిచింది. కుంటలేదు. ఏం వింటున్నావే పిల్లా అంది. పిక్కలమ్మకి చెప్పాలి కదా అన్నాను. చెప్పు, అత్తగారు ఏమీ అనలేదని అంది.

సెప్టెంబరు 14

మళ్ళీ మైదానం. ఈసారి అక్క అవతలి చివర నిలబడింది. నీ వంతు అంది. నాకు కళ్ళున్నాయిగా అన్నాను. మూసుకో అంది.

మూసుకున్నాను. అక్క పిలిచింది. పరుగెత్తాను. మొదట భయం, తర్వాత గడ్డి, తర్వాత ఏమీ లేదు, ఒక గొంతు మాత్రమే ఉంది, అది దగ్గరవుతూ దగ్గరవుతూ చెవి పక్క నుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆగవే, అయిపోయింది, ఆగు, అని అక్క వెనక నుంచి నవ్వుతూ అరుస్తోంది.

నేను ఆగలేదు.